చెన్నై తీరం నుంచి సముద్ర పక్షుల వసంత వలస చూడటం: సమగ్ర మార్గదర్శి

ఉగాది దాటగానే కొత్తవాళ్లు అడిగే మాట ఒకటే. "తెల్లారకముందే బీచికి వెళ్లాం, తొమ్మిదింటిదాకా నిలబడ్డాం, నల్లచుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఎక్కడ పొరబడ్డాం?"

చాలావరకు పొరపాటు వెళ్లే వేళలోనే ఉంటుంది. చెరువుగట్ల మీద పక్షులు చూసే అలవాటుతో సముద్రానికీ పొద్దున్నే పోతారు. చెన్నైకి సముద్రం తూర్పున ఉంది. పొద్దున ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది, ఎదుట ఎగిరే ప్రతి పక్షీ నీడలాగే కనిపిస్తుంది. ఇక్కడ సముద్రాన్ని చూడాల్సిన వేళ మధ్యాహ్నం మూడు తర్వాత. ఇదొక్కటి మార్చుకుంటే సగం కష్టం తీరుతుంది. మిగతా సగం ఎత్తు, గాలి, ఓపిక.

1. ఏ నెల, ఏ గంట, ఏ గాలి

మార్చి: బ్రౌన్‌హెడెడ్ గల్స్ తలకి గోధుమరంగు ముసుగు తొడుక్కుని ఉత్తరానికి కదిలే నెల. గుంపులు పెద్దవి, గుర్తింపు సులభం. నేర్చుకోవడానికి ఇదే మంచి సమయం.

ఏప్రిల్: టెర్న్‌ల నెల, అంటే సన్నటి రెక్కలతో నీటి మీద తిరిగి చేపలు పట్టే పక్షులది. గ్రేటర్ క్రెస్టెడ్, లెసర్ క్రెస్టెడ్, కామన్, గల్‌బిల్డ్, విస్కర్డ్, లిటిల్ టెర్న్‌లు తీరం వెంట సాగుతుంటాయి. వాటిని తరిమి చేపలు లాక్కునే స్కువాల కోసం కూడా ఇప్పుడే చూడాలి.

మే: పక్షుల సంఖ్య తగ్గుతుంది, అరుదైనవి కనబడే అవకాశం పెరుగుతుంది. షియర్‌వాటర్లు, విల్సన్స్ స్టార్మ్‌పెట్రెల్, బ్రైడిల్డ్ టెర్న్ లాంటి నడిసముద్రపు పక్షుల మీద ఆశ పెట్టుకోదగ్గ నెల. కర్తరి ఎండలు కూడా అప్పుడే. తట్టుకోగలిగితేనే వెళ్లండి.

రోజులో రెండు పూటలు పనికొస్తాయి.

మొదటిది సూర్యోదయానికి అరగంట ముందు నుంచి పొద్దు పొడిచిన పావుగంట దాకా. మే మొదట్లో చెన్నైలో సూర్యోదయం 5:50 ప్రాంతంలో. రాత్రి ఇసుకమేటల మీద పడుకున్న టెర్న్‌లు వేటకి బయల్దేరేది ఆ వెలుగులోనే. ఈ రోజుల్లో సూర్యుడు తూర్పుకి కాస్త ఉత్తరంగా పొడుస్తాడు కాబట్టి, ఇంకాసేపు ఉండాలనుకుంటే కుర్చీని ఆగ్నేయానికి తిప్పుకోండి. ఎండ ఎడమ చెంప మీద పడాలి, ముఖం మీద కాదు.

రెండోది, అసలైనది, 3 నుంచి 6 గంటల దాకా. ఎండ వీపు మీద పడుతుంది, ముక్కు రంగు, రెక్క రంగు తేటగా తెలుస్తాయి. 10 నుంచి 3 దాకా నీటి మీద వేడి ఆవిరి ఆడుతుంది. ఆ వేళలో ఎంత ఖరీదైన స్కోప్‌లో (ట్రైపాడ్ మీద పెట్టి చూసే దూరదర్శినిలో) చూసినా పక్షి అంచులు కరిగిపోతాయి. ఇంట్లో ఉండండి.

ఇక గాలి. వేసవిలో పొద్దున గాలి పడమటి నుంచో నైరుతి నుంచో, అంటే నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, పక్షుల్ని ఒడ్డుకి దూరంగా ఉంచుతుంది. మధ్యాహ్నం ఏదో ఒక వేళకి సముద్రపు గాలి తిరుగుతుంది. ఆగ్నేయం నుంచి గంటకి 20 కిలోమీటర్లు, ఆ పైన వీస్తే పక్షులు ఒడ్డుకి దగ్గరగా సాగుతాయి. పడమటి గాలి బలంగా ఉండి, సముద్రపు గాలి సాయంత్రం దాకా తిరగని రోజులుంటాయి. ఊరు నలభై డిగ్రీలు దాటి ఉడికేది ఆ రోజుల్లోనే. అలాంటిరోజు సముద్రం ఖాళీగా ఉంటే మీ తప్పేం లేదు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:
- వాతావరణ శాఖ అంచనాలో మధ్యాహ్నపు గాలి దిక్కు, వేగం
- హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ఎత్తైన అలల హెచ్చరిక
- పోటు, ఆటు వేళలు (అడయార్ మొగకి, అంటే నది సముద్రంలో కలిసే చోటికి వెళ్తే తప్పనిసరి)
- క్యాలెండరులో తేదీ: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం

వేట నిషేధానికీ మన పనికీ గట్టి సంబంధం ఉంది. ఏప్రిల్ 14 దాకా గల్స్, టెర్న్‌లు, వాటి వెనక స్కువాలు ట్రాలర్ల వెంట పోగవుతాయి, కాబట్టి బోటు ఎక్కడుందో చూస్తే పక్షి అక్కడుంటుంది. 15 నుంచి ట్రాలర్లన్నీ కాశిమేడు రేవులో కట్టేసి ఉంటాయి. చిన్న ఫైబర్ పడవలు మాత్రమే తిరుగుతాయి. అప్పుడు పక్షులు చెదురుమదురుగా పోతాయి, నీళ్లంతా వెతకాలి. ఏప్రిల్ మొదటి పక్షంలో చూసిన పద్ధతిలోనే మేలోనూ చూస్తామంటే కుదరదు.

2. ఎక్కడ కూర్చోవాలి

చెన్నై తీరం బల్లపరుపు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఎత్తైన కొండకొమ్ము ఇక్కడ లేదు. అందుకని ఎత్తుని వెతుక్కోవాలి.

లెక్క ఇలా ఉంటుంది. ఇసుకలో కూర్చుంటే కన్ను నీటికి మీటరు ఎత్తున ఉంటుంది, దిగంతం మూడున్నర కిలోమీటర్లే. నిలబడితే నాలుగున్నర. కన్ను 5 మీటర్ల ఎత్తుకి వెళ్తే 8 కిలోమీటర్లు, 10 మీటర్లకి 11. దూరం కంటే ముఖ్యమైన లాభం ఇంకొకటుంది. తక్కువ ఎత్తు నుంచి చూస్తే కెరటాల మధ్య పల్లంలో ఎగిరే పక్షి కనపడనే కనపడదు. ఎత్తు నుంచి ఆ పల్లాల్లోకి కూడా చూపు దిగుతుంది.

అలాగని మరీ పైకెక్కకండి. మెరీనా లైట్‌హౌస్ అంత ఎత్తు నుంచి పక్షిని వీపు మీంచి చూస్తారు. కింది భాగం, ముక్కు తెలియవు, దూరం అంచనా తప్పుతుంది. 5 నుంచి 12 మీటర్లు చాలు.

సముద్రానికి ఎదురుగా ఉన్న మేడ: బెసంట్ నగర్, పట్టినప్పాక్కం వైపు తీరానికి దగ్గర్లో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. రెండో అంతస్తు, మూడో అంతస్తు మేడ సరైన ఎత్తు. ఇంటివాళ్లని, అసోసియేషన్‌ని ముందే అడగండి. స్కోప్‌ని ఎదుటి కిటికీల వైపు ఒక్కసారి కూడా తిప్పకండి.

అడయార్ మొగ: ఊరూర్ ఆల్కాట్ కుప్పం (కుప్పం అంటే జాలరి పల్లె) మీదుగా తీరం వెంట ఉత్తరానికి నడిస్తే నది సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ఆటు సమయంలో తేలే ఇసుకమేటల మీద టెర్న్‌లు, గల్స్ గుంపుగా దిగుతాయి. కూర్చున్న పక్షుల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి ఊళ్లో లేదు. 80 మీటర్ల కంటే దగ్గరికి పోకండి. అవి వందల కిలోమీటర్ల ప్రయాణం మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చున్నవి, ఒకసారి లేపితే ఆ విశ్రాంతి పోయినట్టే. విరిగిన పాత వంతెన ఎక్కొద్దు.

కోవళం: నగరానికి దక్షిణాన ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద, తీరం కాస్త సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోటు. ఉత్తరానికి పోయే పక్షులు ఈ మూలని రాసుకుంటూ పోతాయి. దారిలో ముట్టుకాడు మొగ కూడా చూసుకోవచ్చు.

మహాబలిపురం: గుడికి అటూ ఇటూ ఉన్న రాళ్లు మంచి ఆనవాళ్లు. లైట్‌హౌస్ ఉన్న గుట్ట మాత్రం తీరానికి వెనగ్గా ఉంది, దూరపు పక్షులకి పనికిరాదు.

ఉత్తర చెన్నైలో రాయపురం వైపు సముద్రంలోకి వేసిన రాళ్లగట్లు చూడగానే ఆశ పుట్టిస్తాయి. గట్టు మొదట్లో కూర్చోవచ్చు, చివరిదాకా మాత్రం పోకండి. నాచు పట్టిన బండల మీద ట్రైపాడ్ మోస్తూ నడవడం ప్రమాదం. పోర్టు, నేవీ, కోస్ట్‌గార్డ్ ఆవరణల వైపు, కల్పాక్కం అణుకేంద్రం వైపు స్కోప్, కెమెరా పెట్టకండి.

ఎక్కడికెళ్లినా కుప్పం పెద్దవాళ్లకి ముందుగా చెప్పి కూర్చోండి. టెర్న్‌ని తమిళంలో 'ఆలా' అంటారు. "ఇవాళ ఆలా ఎక్కడ పడుతోంది అన్నా?" అని అడిగితే పడవ దిగుతున్నవాళ్లు దిక్కు చూపిస్తారు, ఆ సమాచారం ఏ యాప్‌లోనూ దొరకదు.

3. సామాను

- బైనాక్యులర్: 8×42 లేదా 10×42. అంతకంటే పెద్దది చేత్తో నిలకడగా పట్టలేరు.
- స్పాటింగ్ స్కోప్: 65 నుంచి 80 మిల్లీమీటర్లది. జూమ్ 60 దాకా ఉన్నా సముద్రం మీద 20 నుంచి 30 మధ్యే వాడాలి.
- ట్రైపాడ్: బరువైనది. తేలికది సముద్రపు గాలికి వణుకుతుంది.
- మడత కుర్చీ. రెండు గంటలు నిలబడితే కళ్లకంటే ముందు నడుము అలిసిపోతుంది.
- అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా, మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ
- వేలితో నొక్కే కౌంటర్ రెండు: ఉత్తరానికి ఒకటి, దక్షిణానికి ఒకటి
- చిన్న నోటుబుక్కు, పెన్సిల్, ఫోన్‌లో వాయిస్ రికార్డర్
- మంచినీళ్ల స్ప్రే సీసా, మెత్తటి గుడ్డ, స్కోప్‌కి కప్పే తువ్వాలు

స్కోప్ లేకపోతే మానుకోవాల్సిన పని లేదు. ఆగ్నేయ గాలి బాగా వీచే సాయంత్రం బైనాక్యులర్ ఒక్కదానితో టెర్న్‌లలో చాలావాటిని పట్టుకోవచ్చు.

4. కూర్చోవడం, సర్దుకోవడం

మొదట ట్రైపాడ్ కాళ్లు వెడల్పుగా, పొట్టిగా పెట్టండి. నడిమి కడ్డీ పైకి లేపకండి. అదే వణుకుడికి మూలం. కింద కొక్కేనికి సంచి తగిలించండి, కానీ సంచి అడుగు నేలని తాకాలి, లేకపోతే గాలికి ఊగి ఇంకా చేటు చేస్తుంది.

తర్వాత కుర్చీ. స్కోప్ కంటి ఎత్తుకి కుర్చీని కాదు, కుర్చీలో కూర్చున్న మీ కంటికి స్కోప్‌ని సరిచేయండి.

తర్వాత గురుతులు. లంగరేసిన ఓడ, తేలే బోయా, రాతి కొన, దూరపు చిమ్నీ లాంటివి మూడు నాలుగు ఎంచుకుని పేర్లు పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి చూసేటప్పుడు "అదిగో అక్కడ" అనే మాట దండగ. "ఎర్ర ఓడకి కుడి, ఓడ పొడవుకి రెండింతలు, దిగంతానికి కింద, ఎడమకి పోతోంది" అంటే పక్షి అందరికీ అందుతుంది.

5. వెతికే పద్ధతి

స్కోప్‌ని 20 దగ్గర పెట్టి, దిగంతపు గీత కంటి వలయంలో పైనుంచి మూడో వంతు దగ్గర ఉండేలా పట్టుకోండి. ఆకాశం తక్కువ, నీళ్లు ఎక్కువ. సముద్ర పక్షులు ఎక్కువగా ఎగిరేది నీటి మీద కొద్ది మీటర్ల ఎత్తులోనే.

కుడి నుంచి ఎడమకి, అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి, మెల్లగా జరపండి. మూడు నిమిషాల్లో ఒక కొస నుంచి ఇంకో కొసకి చేరాలి. తిరిగి వచ్చేటప్పుడు దిగంతాన్ని వలయం పై అంచుకి తెచ్చి, దగ్గరి నీళ్లు వెతకండి. ఈ రెండూ కలిస్తే ఒక విడత. రెండు విడతలకి ఒకసారి స్కోప్ వదిలి బైనాక్యులర్‌తో తల మీదా, ఒడ్డు వెంటా చూడండి. స్కోప్‌లోనే మునిగిపోయినవాళ్ల నెత్తి మీంచి లిటిల్ టెర్న్‌లు అరుచుకుంటూ పోతుంటాయి.

పక్షి కనపడగానే జూమ్ పెంచకండి. మొదట దానితోపాటు స్కోప్ కదపండి, ఎటు పోతోందో చూడండి. షియర్‌వాటర్ అయితే రెక్కలు బిగించి పక్కకి ఒరిగి పైకి లేస్తుంది, ఒక్క క్షణం కడుపు కనిపిస్తుంది, మళ్లీ అల వెనక్కి జారిపోతుంది. అయిదు క్షణాలు ఏమీ ఉండదు. అది మాయమైన చోటే చూస్తూ ఉంటే ఇక దొరకదు. అదే వేగంతో ముందుకి జరిపి, మళ్లీ లేవాల్సిన చోట కాపు కాయాలి.

తేలే దుంగలు, థర్మోకోల్ ముక్కలు కూడా వదలకండి. బ్రైడిల్డ్ టెర్న్‌కి అలాంటి వాటి మీద వాలి కూర్చునే అలవాటుంది.

టెర్న్‌ల గుంపు ఉన్నట్టుండి చెదిరి, ఒకటి మెలికలు తిరుగుతూ పారిపోతుంటే దాని వెనక చూడండి. స్కువాని పట్టుకునే మార్గం అదే.

6. గుర్తింపులో తడబడే చోట్లు

కిలోమీటరు లోపల జాతి చెప్పొచ్చు. రెండు కిలోమీటర్లు దాటితే "టెర్న్", "స్కువా" అని రాసుకుని ఆగిపోవడం నిజాయితీ.

గ్రేటర్ క్రెస్టెడ్, లెసర్ క్రెస్టెడ్: పెద్దదాని ముక్కు నిమ్మపండు పసుపు, చిన్నదాని ముక్కు నారింజ. వసంతంలో ఇంకో గట్టి ఆనవాలుంది: పెద్దదాని నల్లటోపీకీ ముక్కుకీ మధ్య తెల్లపట్టీ ఉంటుంది, చిన్నదాని టోపీ ముక్కుదాకా నల్లగా వస్తుంది. అయిదున్నర దాటాక వాలుటెండలో పసుపు ముక్కు కూడా నారింజలా మెరుస్తుంది. ఆ వేళ ముక్కు రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. పెద్దదాని వీపు మరింత ముదురు బూడిద, ఒళ్లు బరువు, రెక్క ఊపు నిదానం.

శాండ్‌విచ్ టెర్న్: ముక్కు నలుపు, కొస మాత్రం పసుపు. వీపు బాగా లేత.

విస్కర్డ్, వైట్‌వింగ్డ్: ఇవి నీళ్లలోకి దూకవు, పైపైన వంగి ఏరుకుంటాయి. పెళ్లి ఈకల్లో, అంటే జతకట్టే కాలపు రంగుల్లో, విస్కర్డ్ కడుపు ముదురు బూడిద, చెంప తెలుపు. వైట్‌వింగ్డ్ ఒళ్లు నలుపు, తోక తెలుపు. మేలో ఒక్కటి కనిపించినా పొరబడరు.

బ్రైడిల్డ్, సూటీ: బ్రైడిల్డ్‌కి నుదుటి తెలుపు సన్నటి కనుబొమలా కంటి వెనకదాకా సాగుతుంది, వీపు గోధుమ బూడిద. సూటీకి తెలుపు కంటి దగ్గరే ఆగుతుంది, వీపు తలంత నలుపు.

స్కువాలు: పోమరైన్ ఛాతీ పీపాలా ఉంటుంది, ఎదిగిన పక్షికి తోక నడిమి ఈకలు మెలితిరిగి మొండిగా ఉంటాయి. పారసైటిక్ సన్నం, తోక ఈకలు సూదిగా ఉంటాయి. తోక విరిగి ఉంటే "స్కువా" అని మాత్రం రాయండి. కొత్తవాళ్లు స్కువా అనుకునేవాటిలో చాలా భాగం సముద్రం మీద తిరిగే కాకులు, పిల్ల బ్రాహ్మణీ గద్దలు, ముదురు రంగు పిల్ల గల్స్.

షియర్‌వాటర్లు: వెడ్జ్‌టెయిల్డ్‌కి పొడుగు తోక, ముదురు ముక్కు. ఫ్లెష్‌ఫుటెడ్‌కి గులాబీ ముక్కు, నల్ల కొస. తోక పొట్టిగా ఉండి కాళ్లు దాన్ని దాటి కనిపిస్తే షార్ట్‌టెయిల్డ్ కావొచ్చు. టాస్మేనియా వైపు గూళ్లు పెట్టి ఉత్తర పసిఫిక్‌కి పోయే ఈ పక్షి మన సముద్రాల్లో చాలా అరుదు. ఫోటో లేకుండా పేరు రాయకండి.

7. లెక్క రాయడం

గంటకో జాబితా. మూడు గంటలూ కలిపి ఒకటే రాస్తే ఏ వేళలో కదలిక పెరిగిందో పోతుంది. ఈబర్డ్‌లో (పక్షుల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైటులో) పెట్టేటప్పుడు ఒకేచోట నిలిచి చూసిన జాబితాగా పెట్టండి.

ప్రతి గంటకీ రాయాల్సినవి:
- మొదలు, ముగింపు వేళ
- గాలి దిక్కు, వేగం
- ఎండ, మబ్బు, ఎంత దూరం తేటగా ఉంది
- జాతివారీగా ఉత్తరానికి ఎన్ని, దక్షిణానికి ఎన్ని
- నీటి మీదా ఇసుక మీదా కూర్చున్నవి విడిగా
- కనపడే పడవల సంఖ్య

దిక్కు రాయడం ఎందుకంటే, కదిలే ప్రతి పక్షీ వలస పక్షి కాదు. అడయార్ మొగలో రాత్రి గడిపే టెర్న్‌లు సాయంత్రం చివరి గంటలో అటే తిరిగి వస్తాయి. బెసంట్ నగర్ నుంచి చూస్తే అవన్నీ ఉత్తరానికి పోతున్నట్టే ఉంటుంది. వలస లెక్కకి 3 నుంచి 5 దాకా ఉన్న సంఖ్యే నమ్మదగ్గది. ఉత్తరానికి పోయినవాటి లోంచి దక్షిణానికి వచ్చినవి తీసేసి చూడండి. వలసలో సాగుతున్న పక్షి సాధారణంగా ఆగదు, చేపకోసం తల వంచదు, ఒకే ఎత్తులో ఒకే వేగంతో గీత గీసినట్టు పోతుంది.

గుంపు పెద్దదైతే పదిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు పట్టిందో చూసి, దాంతో మిగతా గుంపుని కొలవండి. వాయిస్ రికార్డర్‌లో అంటూ పోతే కన్ను స్కోప్ నుంచి తీయక్కర్లేదు.

8. పని చెడితే

చిత్రం మసకగా ఉంది: ముందు జూమ్ తగ్గించండి. అయినా ఆడుతుంటే వేడి ఆవిరి. వేళ మారేదాకా ఆగాలి. జూమ్ తగ్గించినా ఆడక, పొగలా కమ్మి ఉంటే అద్దం మీద ఉప్పు.

అద్దం మీద ఉప్పు: పొడిగుడ్డతో తుడవకండి, ఉప్పు రవ్వ పూతని గీస్తుంది. ముందు మంచినీళ్లు స్ప్రే చేసి ఉప్పు కరిగించి, తర్వాత మెత్తగా అద్దండి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్ల బిగింపులు కూడా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, లేదంటే ఇసుక, ఉప్పు కలిసి పట్టేస్తాయి.

కళ్లు నొప్పి: ఒక కన్ను గట్టిగా మూయడం వల్ల వస్తుంది. రెండు కళ్లూ తెరిచి, చూడని కంటికి టోపీ అంచు అడ్డంగా దించండి. ఇరవై నిమిషాలకోసారి స్కోప్ వదలండి.

గంటసేపు ఏమీ లేదు: చోటు మార్చకండి, గాలి చూడండి. పడమటి గాలి ఇంకా తిరగకపోతే కాసేపు ఆగండి. తిరిగిన తర్వాత కూడా గంట ఖాళీగా పోతే లేవొచ్చు.

తల తిరగడం, చెమట ఆగిపోవడం: ఇది వడదెబ్బ. వెంటనే నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

9. ఒడ్డున పడిన పక్షి దొరికితే

వేసవి తుఫాను, బలమైన తూర్పు గాలి తర్వాత రెండు రోజులు ఒడ్డు వెంట నడవడం మంచిది. నడిసముద్రపు పక్షులు అలిసిపోయి ఇసుకలో కూలబడుతుంటాయి.

- తిరిగి సముద్రంలోకి విసరకండి. ఎగరలేకనే ఒడ్డుకి వచ్చింది.
- గ్లవ్స్ వేసుకుని, తువ్వాలు కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి రెండు చేతులతో ఎత్తండి. ముక్కు మీ ముఖానికి దూరంగా ఉండాలి.
- గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, చీకటిగా, నీడలో ఉంచండి. కాకులు, కుక్కలు దగ్గరికి రాకూడదు.
- నోట్లో నీళ్లు పోయకండి, చేప కుక్కకండి.
- పెట్టెలో పెట్టేముందు ముక్కు, కాళ్లు, రెక్క కింది భాగం, తోక త్వరగా ఫోటోలు తీయండి. కాలికి కడియం ఉంటే దాని మీది అంకెలు చదివేలా తీయండి.
- అటవీ శాఖకి ఫోన్ చేసి అప్పగించండి. చనిపోయి ఉంటే ఒట్టిచేత్తో ముట్టుకోకండి. కొలత కోసం పక్కన పెన్సిల్ పెట్టి ఫోటో తీసి, చోటు, తేదీ, వేళ రాసుకోండి.